వియత్నాం వెళ్లే జీడిపప్పు వ్యాపారులకు: ముందు మీ వయసు చెప్పండి

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో జీడిపిక్కల పని చేసేవాళ్లలో మిషన్లు చూడటానికో, బేరం మాట్లాడటానికో మొదటిసారి వియత్నాం వెళ్లబోయే వాళ్లకోసం ఇది రాస్తున్నాను. 2006 నుంచి జీడిపప్పు ఎగుమతిలో ఆ దేశానిదే పైచేయి. ఫ్యాక్టరీలు ఎక్కువగా బిన్ ఫ్యూక్ ప్రాంతంలో, హోచిమిన్ సిటీకి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2025 జూలై 1న ఆ ప్రావిన్స్‌ను డోంగ్ నాయ్‌లో కలిపేశారు. పాత విజిటింగ్ కార్డుల మీద పాత పేరే ఉంటుంది, కారు మాట్లాడుకునేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

వెళ్లిన ఐదు నిమిషాలకే అక్కడివాళ్లు మీ వయసు అడుగుతారు. మర్యాద తెలియక అడిగే ప్రశ్న కాదు. వాళ్ల భాషలో రోజువారీ మాటకు 'నేను', 'మీరు' అనే విడి మాటలు సరిపోవు, వరసతోనే మాట్లాడాలి. మీ వయసు తెలియకపోతే మిమ్మల్ని ఏమని పిలవాలో వాళ్లకు తేలదు, వాక్యం ముందుకు కదలదు. కొంచెం పెద్ద మగవాడైతే 'ఆన్', అంటే అన్న. పెద్దామె అయితే 'చి', మన వైపు మాటలో అప్ప. చిన్నవాళ్లు ఆడైనా మగైనా 'ఎమ్'. నాన్నకంటే చిన్న వయసాయన 'చూ', చిన్నాన్న. నాన్నకంటే పెద్ద అయితే 'బాక్', పెదనాన్న. 'చి' అన్న మాట మన చెవికి ఛీ అన్నట్టు తగులుతుంది, పొరబడకండి. అది గౌరవం.

అసలు చిక్కు 'నేను' దగ్గర వస్తుంది. అన్నతో మాట్లాడేటప్పుడు మీరు 'నేను' అనకుండా 'ఎమ్' అంటారు, అంటే 'తమ్ముడు వస్తాడు, తమ్ముడు చూస్తాడు' అన్నట్టు. మీరే పక్కనున్న కుర్రాడి వైపు తిరిగితే అప్పుడు మీరు 'ఆన్' అయిపోతారు. పర్లాకిమిడి బజారులో పెరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఒక గిరాకీతో ఒడియాలో ఆపణ, ఇంకొకరితో తుమే, ఆ వెంటనే తెలుగులో మీరు, నువ్వు అంటూ నోరు మార్చడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటే. వియత్నాం మాటలు పది నేర్చుకోవాలంటే మొదటి ఐదూ ఈ వరసలే నేర్చుకోండి. 'థాంక్యూ' కంటే ఇవే ఎక్కువ పని చేస్తాయి.

పేర్లు కూడా మన పద్ధతే. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర. కార్డు మీద మొదట 'నుయెన్' అని ఉంటే మిస్టర్ నుయెన్ అని పిలవకండి, దేశంలో మూడోవంతు దాకా జనానిది అదే ఇంటిపేరు. చివరి మాటకు వరస కలిపి పిలవాలి. వాళ్ల సేనాధిపతి వో నుయెన్ జాప్‌ను లోకమంతా జనరల్ జాప్ అన్నది అందుకే. హోచిమిన్‌ను మాత్రం ఇంటిపేరుతో 'బాక్ హో' అంటారు, పెదనాన్న హో అని. కార్డు రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో తీసుకుని, చదివి బల్ల మీద పెట్టండి.

బేరంలో ఎక్కువ దెబ్బ తినేది 'యా' అనే మాట దగ్గర. మీరు రేటు చెప్తుంటే ఎదుటివాళ్లు 'యా, యా' అంటారు. అది ఒప్పుకోవడం కాదు, మన ఊఁ కొట్టడం లాంటిది. వింటున్నాను, చెప్పండి అని. దాన్ని అంగీకారం అనుకుని బయటికొస్తే రెండు రోజుల తర్వాత వేరే రేటు కనిపిస్తుంది. నలుగురి ముందు కాదనడం వాళ్లకు ఇబ్బంది, మొహం మీద లేదు అనరు. 'చూస్తాం', 'కొంచెం కష్టం' అంటే లేదనే అర్థం. అందుకే రేటు, డెలివరీ తేదీ, స్పేర్ పార్టులు మూడూ అదే రోజు సాయంత్రం జాలో యాప్‌లో రాసి పంపి, జవాబు రాతలో తీసుకోండి. అక్కడ వాట్సాప్ కంటే జాలోనే ఎక్కువ. ఓటీపీ మీ నంబరుకు వస్తుందో లేదో చూసుకోవాలి కాబట్టి ఇంటి దగ్గరే వేసుకోండి.

కొటేషన్ కాగితం మరీ జాగ్రత్తగా చదవాలి. వాళ్ల లెక్కలో చుక్కా కామా తారుమారు. 1.250 డాలర్లు అంటే పన్నెండు వందల యాభై, ఒకటింపావు కాదు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో చెప్పే ఔట్‌టర్న్ 48,5 అని రాస్తారు, అంటే నలభై ఎనిమిదిన్నర. పిక్కల తేమ 8,5 అన్నా ఎనిమిదిన్నర శాతమే. మిషన్ మోటారు ప్లేటు కూడా చూడండి. అక్కడ త్రీఫేజ్ 380 వోల్టులు, మనకు 415. మోటారు, ప్యానెల్ మన కరెంటుకు కావాలని ఆర్డరులోనే రాయించండి.

డబ్బు దగ్గర ఇంకో చిక్కుంది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. ధర చెప్పేటప్పుడు 'వేలు' అన్న మాట మింగేస్తారు, 'యాభై' అంటే యాభై వేలు. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం రంగే. ఒకటి సుమారు డెబ్బై రూపాయలు, ఇంకొకటి పదహారు వందల పైన. ట్యాక్సీలో చీకట్లో తేడా తెలియదు. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి.

ఫ్యాక్టరీలు ఏడు, ఏడున్నరకే మొదలవుతాయి. పదకొండున్నరకు భోజనం, ఆ వెంటనే కునుకు. ఆఫీసులో లైట్లు ఆర్పి, కుర్చీల మధ్య చాప పరుచుకుని మేనేజరూ పడుకుంటాడు. ఒంటిగంట, ఒంటిగంటన్నర దాకా కదిలించకూడదు. వాళ్ల టైము మనకంటే గంటన్నర ముందు. ఇక్కడ షాపు తీసి పదిన్నరకు ఫోన్ కొడితే అక్కడ సరిగ్గా ఆ నిద్ర వేళ. తొమ్మిదిన్నర లోపు, లేదా మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత చేయండి.

భోజనం దగ్గర శాకాహారులు 'ఆన్ చాయ్' అనాలి, అంటే శాకాహారం తింటాను అని. అది చాలదు, కూరల్లోనూ 'నుయోక్ మామ్' అనే చేపల రసం పోస్తారు. 'ఖోంగ్ నుయోక్ మామ్' అని విడిగా చెప్పండి. వాళ్ల చాంద్రమాన నెలలో మొదటి రోజు, పున్నమి రోజు చాలామంది శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో సుళువు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు. చనిపోయినవాళ్లకు అగరొత్తులు వెలిగించినట్టు కనిపిస్తుంది, మన దగ్గర పళ్లెంలో పిండం పెట్టినంత అశుభం. బీరు తాగనివాళ్లు మొదట్లోనే చెప్పేసి టీ గ్లాసు ఎత్తితే ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దవాళ్ల గ్లాసుకంటే మీది కాస్త కిందకు పట్టుకుని తాకించండి. ఈ చిన్న పని వాళ్లు తప్పకుండా గమనిస్తారు.

వీసా ఆన్‌లైన్‌లోనే. 90 రోజులకు, ఒకసారి వెళ్లడానికి 25 డాలర్లు, పలుమార్లు వెళ్లడానికి 50. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు గడిలో తడబడేది మనవాళ్లే.

జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్యలో వచ్చే టెట్ పండగకు, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, మాత్రం వెళ్లకండి. కూలీలు ఊళ్లకు పోతే రెండు వారాలు మిషన్ తిరగదు. పాత బాకీలు టెట్ లోపు తీర్చేయడం అక్కడి ఆనవాయితీ. మీరు ఇవ్వాల్సిన మొత్తం ఏదైనా మిగిలితే పండగకు వారం ముందే బ్యాంకులో వేసి, ఆ రసీదుతో పాటు 'ఆన్'కో 'చి'కో పండగ శుభాకాంక్షలు పంపండి.