అటూ 192.168.1, ఇటూ 192.168.1

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున తొమ్మిదింటికి, అరగంటలో అయిపోతుందిలే అనుకుని కొత్త రౌటర్ డబ్బా విప్పాను. పాత మోడెం నుంచి వైరు తెచ్చి దాని వాన్ పోర్టులో, అంటే బయటి నెట్ వచ్చే చోట, గుచ్చాను. ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, పక్కన ఆశ్చర్యార్థకం. నెట్ లేదు. పాప రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోయింది. ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

వైరు మార్చాను, రెండూ ఆపి పెట్టాను, ఇంకోసారి ఆపి పెట్టాను. చివరికి కొత్త రౌటర్‌లో రూటింగ్ టేబుల్, అంటే ఏ అడ్రస్‌కి ఏ దారో రాసుకునే పట్టిక, తెరిస్తే విషయం అక్కడుంది. మోడెం పంచేది 192.168.1.0 నెట్‌వర్క్. కొత్త రౌటర్ ఇంట్లోకి పంచేదీ అదే. పైగా ఇద్దరూ 192.168.1.1 అనే పేరే పెట్టుకున్నారు. బయటికి పంపాల్సిన ప్యాకెట్‌ని, అంటే డేటా ముక్కని, గేట్‌వేకి, అంటే బయటికి దారైన మోడెంకి, ఇవ్వమంటే రౌటర్ తన చేతికి తనే ఇచ్చుకుంటోంది. కొన్ని రౌటర్లు ఈ గొడవ పసిగట్టి వాటంతటవే నంబరు మార్చుకుంటాయి. నాది అంత తెలివైంది కాదు.

ఇంటి వైపు 192.168.50.1 చేసి సేవ్ నొక్కాను. పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. గుండె జారింది గానీ, పాత అడ్రస్‌లో పలికేందుకు ఎవరూ లేరు మరి. కొత్తది కొట్టి లోపలికెళ్ళాను. నెట్ వచ్చింది, ప్రింటర్ పోయింది. ఎప్పుడో దానికి 192.168.1.30 అని చేత్తో పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

అక్కడితో ఆపాల్సింది. ఫోటోలు దాచే చిన్న కంప్యూటర్‌ని బయట నుంచి కూడా చూడాలన్న దురద ఒకటుంది కదా.

రౌటర్‌లో కనెక్షన్ల జాబితా చూస్తూ కాసేపు కూర్చుండిపోయాను. 192.168.50.12, పోర్టు 51514 (ఈ పోర్టు వైరు గుచ్చేది కాదు, కనెక్షన్‌కి గుర్తుగా ఇచ్చే నంబరు): అది నా ఫోన్. ఆ కింద లాప్‌టాప్, ఆ కింద టీవీ. బయటికెళ్ళేటప్పుడు రౌటర్ అందరికీ ఒకే అడ్రస్ తగిలించి, ఏ పోర్టు ఎవరిదో రాసిపెట్టుకుని, జవాబు రాగానే ఎవరిది వాళ్ళకి అప్పజెబుతోంది. ఈ అడ్రస్‌ల అనువాదాన్నే నాట్ అంటారు. లోపలి నుంచి మొదలైన మాటకైతే జాబితాలో వరస ఉంటుంది. బయటివాడు ముందుగా తలుపు తడితే ఎవరి కోసమో దానికి తెలియదు. అందుకే పోర్ట్ ఫార్వర్డింగ్: 8443కి ఎవరొచ్చినా 192.168.50.20 దగ్గరికి పంపు.

పెట్టాను. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూశాను. రాలేదు. రౌటర్ వాన్ అడ్రస్, అంటే బయటి వైపు అడ్రస్, చూస్తే 192.168.1.5. అది మోడెం ఇచ్చిందే, అంటే అక్కడా ఒక నాట్. అనువాదం మీద అనువాదం! మోడెంని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అనువాదం మానేసి ఉత్త వైరులా ఉండేట్టు, పెట్టి, నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ పాస్‌వర్డ్ వెతికి కొత్త రౌటర్‌లో ఎక్కించేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. ఈసారి వాన్ అడ్రస్ 100తో మొదలైంది, తర్వాత 72. హమ్మయ్య, ఇది బయటి ప్రపంచానికి కనిపించే పబ్లిక్ అడ్రస్సే అనుకున్నాను.

కాదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవన్నీ నెట్ ఇచ్చేవాళ్ళు తమ లోపల వాడుకోవడానికి 2012లో కేటాయించినవి. అంటే నా రౌటర్ పైన వాళ్ళదింకో నాట్ ఉంది. పబ్లిక్ అడ్రస్ ఒకటే, దాని వెనక నాతోపాటు ఇంకెందరో. ఇలా నాలుగు అంకెల గుంపులుండే పాత పద్ధతి, ఐపీవీ4లో ఉన్నవే సుమారు 430 కోట్ల అడ్రస్‌లు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు! నేను రాసిన ఫార్వర్డింగ్ రూల్ దాకా ఒక్క ప్యాకెట్ కూడా చేరదు. పొద్దున్నే మోడెం వాన్ పేజీ ఒక్కసారి చూసుంటే సగం రోజు మిగిలేది.

రాత్రి భోజనాలయ్యాక ఐపీవీ6, అంటే పొడుగు అడ్రస్‌ల కొత్త పద్ధతి, ఆన్ చేశాను. చిన్న కంప్యూటర్‌కి తనకంటూ బారెడు అడ్రస్ వచ్చింది, మధ్యలో అనువాదాల్లేవు. బయటివాళ్ళని ఆపే ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టు తెరిచాను. మొబైల్ డేటాలో ఐపీవీ6 ఉంది కాబట్టి మేడ మీదికెళ్ళి వైఫై ఆపి చూస్తే పాప ఫోటో తెరుచుకుంది.

కిందికొచ్చి చెబితే, "ప్రింటర్ సంగతి?" అంది పాప. రేపు పొద్దున బడికి ప్రింటు కావాలట.