గోల్ఫ్ డ్రైవర్‌కు షాఫ్ట్ మార్పించిన వైనం: నా అనుభవం

అనంతపురంలో ఉంటూ గోల్ఫ్ ఆడేవాడికి క్లబ్ షాఫ్ట్, అంటే బంతిని కొట్టే కర్రలో పిడికీ తలకూ నడుమ ఉండే కడ్డీ, మార్పించాలంటే బెంగళూరు దారి పట్టడం తప్ప గత్యంతరం లేదు. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారానికి చెక్కపెట్టెలు సరఫరా చేసే పనిలో కొరియా ఇంజనీర్లతో పరిచయమై, వాళ్ళ వెంట దేవనహళ్ళి వైపు మైదానాలకు వెళ్ళి నేర్చుకున్న ఆట ఇది. బంతిని అన్నిటికంటే దూరం కొట్టడానికి వాడే క్లబ్‌ను డ్రైవర్ అంటారు. నా డ్రైవర్‌కు కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చిన షాఫ్ట్ 50 గ్రాములైనా లేని తేలికరకం. క్లబ్‌ను కిందికి దింపేటప్పుడు దాని తల ఎక్కడుందో చేతికి తెలిసేది కాదు. ఒక బంతి కుడివైపు కంపచెట్లలోకి, మరొకటి ఎడమవైపు నీళ్ళలోకి పోయేది. మార్చాలని నిర్ణయించుకోవడానికి పెద్దగా ఆలోచించనక్కరలేకపోయింది.

షాఫ్ట్ మీద ముద్రించే ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అనే అక్షరాలు దాని ఫ్లెక్స్‌ను, అంటే అది ఎంత వంగుతుందో చెబుతాయి. ఎల్ అన్నిటికంటే మెత్తన, ఎక్స్ అన్నిటికంటే గట్టి. క్లబ్ తల వేగం గంటకు 85 నుంచి 95 మైళ్ళు ఉంటే ఆర్, 95 నుంచి 105 దాకా ఉంటే ఎస్ అని అందరూ వల్లించే లెక్క ఒకటుంది. అయితే ఈ అక్షరాలకు కంపెనీలన్నీ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు కనుక, ఒక కంపెనీ ఎస్ మరో కంపెనీ ఆర్ కంటే మెత్తగా ఉన్నా అడిగేవాడు లేడు. బరువు 40 గ్రాముల నుంచి 80 దాకా ఉంటుంది. టార్క్ అంటే షాఫ్ట్ మెలితిరిగే గుణం. దాన్ని డిగ్రీలలో చెబుతారు. ఇంతవరకు ఎవరైనా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. నన్ను తిప్పలు పెట్టినది ఆ తరువాతి మెట్టు.

బెంగళూరులో ఆటగాడికి తగ్గట్టు క్లబ్బులు అమర్చి ఇచ్చే, అద్దాల గోడలున్న ఒక ఫిట్టింగ్ స్టూడియోకు మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడి కుర్రవాడిది హిందూపురమట, తెలుగులోనే పలకరించాడు. ఆ పలకరింపులో మొదటి ప్రశ్న, “అంకుల్, మీ వయసెంత?” 57 అని చెప్పగానే, నా చేత ఒక్క బంతయినా కొట్టించి చూడకుండా, స్టాండులోంచి పెద్దవయసువాళ్ళకని ఇచ్చే ‘ఏ’ అక్షరమున్న 45 గ్రాముల షాఫ్ట్ తీసి చేతిలో పెట్టాడు. సోఫాలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఫోన్ల మీది నుంచి తలలెత్తారు. నేను కొట్టిన బంతి తెర మీద వంకర తిరిగి ఎడమవైపు చెట్లలో పడింది. “ఈ వయసులో ఇదే ఎక్కువ అంకుల్, సీనియర్ ఫ్లెక్స్ అయితే మీకు హాయిగా ఉంటుంది” అని అతను నన్ను ఓదారుస్తుంటే, సోఫాలో ఒకడు కిసుక్కున నవ్వాడు. టేపు తీయకుండా వయసు అడిగి చొక్కా కుట్టే దర్జీ దగ్గరికి రెండోసారి ఎవరైనా పోతారా? పడుచుతనంలో జిల్లా జట్టుకు కొత్త బంతితో బౌలింగు వేసినవాణ్ణి నేను. నా భుజం ఆ దుడుకుతనాన్ని నేటికీ మానలేదు. అదే తెర మూలన నా స్వింగులో క్లబ్ తల వేగం గంటకు 96 మైళ్ళని కనబడుతూ ఉంటే, “ఆ అంకె చూడు నాయనా” అన్నాను. చూశాడు. చూసి, ఈసారి ఆ గదిలో అన్నిటికంటే ఖరీదైన ఎస్ షాఫ్ట్ పట్టుకొచ్చాడు.

అక్కడి నుంచి జరిగినది ఇంకా వింత. నా పాత షాఫ్ట్‌ను నా డ్రైవర్ తలతోనే కొట్టించి, కొత్త షాఫ్ట్‌ను మాత్రం కొత్తగా వచ్చిన మోడల్ తలకు బిగించి కొట్టించాడు. రెండు తలల లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం వెనక్కి వాలే కోణం, కూడా ఒకటి కాదు. దారి తప్పిన బంతులను తెర మీద నుంచి తుడిచేసి, మిగిలినవాటికి సగటు తీసి, “చూశారా అంకుల్, 18 గజాలు పెరిగింది” అన్నాడు. అందులో షాఫ్ట్ వాటా ఎంత, కొత్త తల వాటా ఎంత, తుడిచేసిన బంతుల వాటా ఎంత అని అడిగితే జవాబు లేదు. పైగా పొడవు 46 అంగుళాలు ఉంచుకుంటే ఇంకా దూరం పోతుందని సలహా. నిబంధనల ప్రకారం డ్రైవర్ పొడవు 48 అంగుళాలు దాటకూడదు. అగ్రశ్రేణి పోటీలలో దాన్ని 46కే కట్టడి చేసే వీలును 2022లో నిర్వాహకులకు కల్పించారు. ఆరితేరిన ఆటగాళ్ళకు గీసిన గీత దాకా నాబోటివాణ్ణి తోసుకుపోవడం అమ్మకమే తప్ప ఫిట్టింగు కాదు. షాఫ్ట్ పొడవు పెరిగేకొద్దీ బంతిని ఫేస్ (క్లబ్ తల ముఖం) మధ్యలో తగిలించడం కష్టమవుతుంది, మధ్య తప్పితే ఎంత వేగమున్నా వృథా. మా బావమరిది మోచేయి పట్టుకుని “పోదాం పా బావా” అనకపోయి ఉంటే అక్కడ మాటామాటా పెరిగేదే. ఫిట్టింగు రుసుము మాత్రం ముక్కుపిండి వసూలు చేశారు.

చివరకు పని చేసిపెట్టినది ఒకప్పుడు ఆటగాళ్ళ గోల్ఫ్ సంచులు మోసే కేడీగా ఉండి, ఇప్పుడు రేకుల షెడ్డులో క్లబ్బులు బాగుచేసే ఒక పెద్దమనిషి. ఆయన నా వయసు అడగలేదు. నా డ్రైవర్ ఫేస్ మీద పాదాలకు కొట్టుకునే తెల్ల పౌడరు స్ప్రే కొట్టి, వరుసగా బంతులు కొట్టమన్నాడు. బంతి తగిలిన చోటల్లా పౌడరు లేచిపోయి గుండ్రటి నల్లమచ్చలు పడ్డాయి. కొన్ని షాఫ్ట్‌కు దగ్గరగా ఉండే హీల్ వైపు, కొన్ని దూరంగా ఉండే టో అంచున, నడుమ మాత్రం తెల్లగా అలాగే ఉంది. “పైకి పోయిన క్లబ్బు కిందికి తిరిగే చోట మీరు గబుక్కున గుంజుతారు సార్, తేలిక షాఫ్ట్ మీ చేతికి నిలవదు” అన్నాడు. వేగం ఒక్కటే చూసి షాఫ్ట్ ఇవ్వకూడదని, ఆ వేగాన్ని మనిషి ఎక్కడ, ఎంత తొందరగా పుట్టిస్తాడో చూడాలని నాకు అర్థమైనది ఆ షెడ్డులోనే.

ఆయన ఇచ్చిన 65 గ్రాముల షాఫ్ట్ మీద ఆర్ అని ఉండటం చూసి నేను మొహం చిట్లించాను. మారు మాట్లాడకుండా దాని పిడి కొసను యంత్రంలో బిగించి, రెండో కొసను వేలితో లాగి వదిలాడు. నిమిషానికి 254 సార్లు ఊగిందని అంకె వచ్చింది. గోడకు వేలాడుతున్న మరో కంపెనీ ఎస్ షాఫ్ట్‌ను అదే తీరున బిగిస్తే 249 వచ్చింది. ఎక్కువసార్లు ఊగేదే గట్టిది కనుక ఇక అక్షరాల మీద వాదించడానికి ఏమీ మిగలలేదు. ఆ ఆర్ షాఫ్ట్ బిగించి కొట్టించాడు. అదే తల, అవే బంతులు, ఏదీ తుడిచేది లేదు. దూరం ఆరేడు గజాలు మాత్రమే పెరిగింది, కానీ బంతులు పడే చోటు వెడల్పు సగానికి సగం తగ్గింది.

మిగిలిన పని తొందరగానే అయింది. డ్రైవర్ షాఫ్టుల మొన సాధారణంగా 0.335 అంగుళాలే అయినా, తలకు బిగించే అడాప్టర్ ఏ కంపెనీది ఆ కంపెనీకే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో షాఫ్ట్ చవకని కొనేవాళ్ళు ముందు ఆ సంగతి చూసుకోవాలి, నకిలీలు కూడా దండిగా ఉన్నాయి. నా డ్రైవర్ పొడవు 45 అంగుళాలు ఉండేలా షాఫ్ట్‌ను కోశాడు. అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు తలవైపు చేతికి తెలిసే బరువు, సుమారు మూడు పాయింట్లు పడిపోతుందని, తలకు రెండేసి గ్రాములు కలిపితే ఒక్కో పాయింటు తిరిగి వస్తుందని చెప్పి, అడుగున సీసపు టేపు అంటించాడు. షాఫ్ట్, గ్రిప్, కూలి అంతా కలిపి స్టూడియో చెప్పిన ధరలో మూడోవంతు కూడా కాలేదు.

షాఫ్ట్‌ను అతికించిన జిగురు పూర్తిగా గట్టిపడేదాకా కొట్టవద్దని, అనంతపురం ఎండకు కారు డిక్కీలో సంచి వదిలితే అదే జిగురు మెత్తబడి ఏదో ఒకనాడు తల ఊడి బంతితో పాటు పోతుందని ఆయన హెచ్చరించాడు. అందుకని గోల్ఫ్ సంచి ఇప్పుడు మా పడకగదిలో బీరువా పక్కన నిలబడి ఉంది. దాని మీద మా ఆవిడ అభ్యంతరం ఇంకా విచారణలో ఉంది.