రంగూన్ టూరు: వెళ్ళాలా, మానాలా అని తేల్చుకున్న తీరు

కోరంగి, తాళ్ళరేవు, యానాం చుట్టుపక్కల పాత కుటుంబాల్లో రంగూన్ మాట వినని ఇల్లు తక్కువ. కోరంగి రేవు నుంచీ, తర్వాత కాకినాడ నుంచీ కూలికి ఓడెక్కినవాళ్ళ మునిమనవలు ఇప్పుడు సరదాకి విమానమెక్కే స్థితికొచ్చారు. కోనసీమ మండువా లోగిళ్ళలో స్తంభాలు బర్మా టేకువి, పెట్టెల్లో కెంపులు బర్మావి. అందుకే కొన్ని కుటుంబాలం కలిసి మయన్మార్ (పాత బర్మా) వెళ్ళి యాంగోన్ (పాత రంగూన్), బగాన్, మాండలే, ఇన్లే సరస్సు చూసొద్దామన్న మాట వచ్చినప్పుడు ఎవరికీ వింతగా అనిపించలేదు. కానీ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్న దేశమది. అక్కడికి సెలవులకు వెళ్ళడం తప్పా, కాదా? దీన్ని అరుగు మీద వాదనగా వదిలేయకుండా కాగితం మీద పెట్టి తేల్చుకున్నాం. ఇదే ప్రశ్న ఎదురైనవాళ్ళకు పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

మొదట చూడాల్సింది అక్కడి జనం ఏం కోరారన్నది. మన అంతరాత్మ సంగతి ఆ తర్వాత. 1996ను సైనిక ప్రభుత్వం ‘విజిట్ మయన్మార్ ఇయర్’గా ప్రకటించినప్పుడు ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ పర్యాటకుల్ని రావద్దని బాహాటంగా కోరారు. ఆ కోరికకు గట్టి కారణాలున్నాయి. 1990లో పాత బగాన్ ఊరివాళ్ళను గుళ్ళ మధ్య నుంచి లేపి కొత్త బగాన్‌కు తరలించారు. మాండలే కోట కందకం బాగుచేయడానికి జనం చేత, ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించారు. ఆ రోజుల్లో విదేశీ యాత్రికుడు దిగగానే 300 డాలర్లు పెట్టి ప్రభుత్వ మారక సర్టిఫికెట్లు కొనాల్సి వచ్చేది. 2011 మేలో ఆమె పార్టీ ఎన్‌ఎల్‌డీ మాట సడలించింది. మామూలు జనం బాగోగులు పట్టించుకునే యాత్రికులు రావచ్చు, పెద్ద ప్యాకేజీ గుంపులు మాత్రం వద్దంది. అంటే యాత్రకూ యాత్రకూ తేడా ఉందని అక్కడివాళ్ళే గీత గీశారు.

మన దేశానికీ ఈ బహిష్కారపు దారి కొత్త కాదు. జాతివివక్ష పాటించిన దక్షిణాఫ్రికాతో వర్తకాన్ని భారత్ 1946లోనే తెంచుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మన పాస్‌పోర్టు ఆ దేశానికి చెల్లేది కాదు. అక్కడ అణచివేతకు గురైనవాళ్ళే ప్రపంచాన్ని దూరంగా ఉండమన్నారు కాబట్టి ఆ బహిష్కారానికి బలముంది.

ఇప్పటి మయన్మార్‌లో ఈ మొదటి మెట్టు దగ్గరే చిక్కుంది. ఎన్‌ఎల్‌డీని 2023 మార్చిలో రద్దు చేశారు. మయన్మార్ నౌ, ఇరావడీ లాంటి పత్రికల లైసెన్సులు తీసేశారు. ‘అక్కడివాళ్ళనే అడిగి తెలుసుకోండి’ అని అందరూ ఇచ్చే సలహా ఇక్కడ ప్రమాదం. సైన్యం శిక్షాస్మృతిలో చేర్చిన 505ఏ సెక్షన్ కింద, భయం పుట్టించే మాటకు, తప్పుడు వార్త అనిపించిన మాటకు మూడేళ్ళ దాకా జైలు పడుతుంది. కారులో కూర్చుని డ్రైవరును ‘మీ ప్రభుత్వం ఎలా ఉంది?’ అని అడిగితే మనకేం కాదు, మనం వారానికి ఇంటికొచ్చేస్తాం. ఆ ప్రశ్నతో చిక్కుల్లో పడేది ఆయన. కాబట్టి వినాల్సింది సరిహద్దు అవతలి నుంచి రాసేవాళ్ళ మాట. థాయ్ సరిహద్దు పట్టణం మేసాట్ కేంద్రంగా పనిచేసే ఏఏపీపీ అనే రాజకీయ ఖైదీల సహాయ సంస్థ అరెస్టయినవాళ్ళ లెక్కలు, చనిపోయినవాళ్ళ లెక్కలు ప్రకటిస్తుంది. నిర్ణయానికి ముందు ఆ పేజీలు ఇంట్లో పెద్దవాళ్ళందరి చేతా చదివించాలి. ఒక్కరే చదివి మిగిలినవాళ్ళకు చెబితే అది ఉపన్యాసమవుతుంది, ఎవరికీ ఎక్కదు.

రెండో పని డబ్బు ఎవరికి చేరుతుందో చూడటం. మేము ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. ఒక తెల్లకాగితానికి మూడు గళ్ళు గీయండి: ప్రభుత్వానికి నేరుగా పోయేది, ఎవరికి పోతుందో తెలియనిది, మనిషి చేతికి చేరేది. పర్యాటక ఈ-వీసా రుసుము 50 డాలర్లు, ఉండనిచ్చేది 28 రోజులు. ఆ 50 మొదటి గడిలోకి వెళ్తుంది. రోజుకు 60 డాలర్ల గదిలో ఐదు రాత్రులు ఉంటారనుకుంటే 300 డాలర్లు. దాని మీద వాణిజ్య పన్ను 5 శాతం అనుకుంటే 15 డాలర్లు, అదీ మొదటి గడే. బగాన్ పురావస్తు ప్రాంతం ప్రవేశ రుసుము, విమానాశ్రయ రుసుములు కూడా అక్కడికే. ఇంతవరకు చూస్తే మొత్తం చిన్నదే కదా అనిపిస్తుంది. అసలు తేడా మారకం దగ్గర ఉంది.

2022 ఆగస్టు నుంచి ప్రభుత్వం డాలరుకు 2,100 చాట్ (అక్కడి కరెన్సీ) అని ధర కట్టింది. బయటి ధర తర్వాత 4,000 దాటింది. 500 డాలర్లు ప్రభుత్వ ధరకు మారిస్తే 10.5 లక్షల చాట్, బయట 4,000 లెక్కన అయితే 20 లక్షలు. మధ్యలో తేలిన 9.5 లక్షలు డాలరు చేజిక్కించుకున్న వాడి లాభం. సైన్యానికి కావలసింది చాట్ కాదు, చాట్ వాళ్ళే అచ్చువేసుకుంటారు. విమాన ఇంధనానికి, ఆయుధాలకు డాలరు కావాలి. అలాగని సందులో ఎవరి దగ్గరో మారుద్దామంటే, అనుమతి లేకుండా మార్చే వ్యాపారుల్ని అరెస్టు చేస్తున్నారు. అక్కడా దొరికిపోయేది వాళ్ళే. లైసెన్సున్న మారకం దుకాణంలో ఆ రోజు ధర అడిగి, ఆ పూటకు కావలసినంతే మార్చుకోవడం ఒక్కటే మధ్యేమార్గం. నోట్లు మడత, మరక, సిరా గుర్తు లేకుండా కొత్తగా ఉండాలి. నలిగిన వంద డాలర్ల నోటును చాలాచోట్ల తీసుకోరు. కార్డు మీద ఆధారపడొద్దు. అమెరికా 2023 జూన్‌లో అక్కడి రెండు ప్రభుత్వ విదేశీ వాణిజ్య బ్యాంకుల మీద ఆంక్షలు పెట్టింది.

‘తెలియనిది’ అన్న గడి ఇంకా పెద్దది. సైన్యానికి రెండు వ్యాపార సామ్రాజ్యాలున్నాయి: 1990లో పెట్టిన ఎంఈహెచ్ఎల్, 1997లో పెట్టిన ఎంఈసీ. ఈ రెండింటి చేతిలో కనీసం 120 వ్యాపారాలున్నాయని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019 ఆగస్టులో తేల్చింది. నిర్మాణం నుంచి మందులు, బ్యాంకింగ్, పర్యాటకం దాకా అందులో ఉన్నాయి. హోటలు పేరు ప్రైవేటుదే కావచ్చు, కింద భూమి సైన్యం లీజుదై ఉండొచ్చు. యాంగోన్‌లో అదానీ పోర్ట్స్ కట్టిన టెర్మినల్ భూమి ఎంఈసీదే. ఆ కంపెనీ 2023లో అమ్మేసి బయటికొచ్చింది. మైటెల్ సిమ్‌లో ఎంఈసీకి వాటా ఉంది. మయన్మార్ బీరు ఎంఈహెచ్ఎల్‌ది, జపాను భాగస్వామి కిరిన్ తప్పుకుంది. ఇలాంటివి మానేయడం తేలిక, కాబట్టి జనం ఇక్కడే ఆగిపోయి తమ వంతు అయిపోయిందనుకుంటారు. సిమ్ మార్చినంత మాత్రాన మారకం లెక్క మారదు.

కెంపుల సంగతి వేరేగా చెప్పాలి. మన ఆడవాళ్ళ షాపింగ్ చీటీలో మొదటి వస్తువు అదే. రత్నాల ప్రభుత్వ సంస్థ మీదా, టేకు కలప ప్రభుత్వ సంస్థ మీదా అమెరికా 2021 ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టింది, అవి సైన్యానికి డాలర్లు తెచ్చే గనులు కాబట్టి. లైసెన్సు దుకాణం రసీదు లేకుండా కొంటే విమానాశ్రయంలో పట్టుకుంటారు, రసీదుతో కొంటే వాటా ప్రభుత్వానికి వెళ్తుంది. ఏ రకంగానూ మంచి కొనుగోలు కాదు. కెంపులు వద్దని మొదటే ఖరారు చేసుకోండి. అక్కడికెళ్ళాక అది కుదరదు.

మూడోది, ట్రావెల్ ఏజెంటుకు వేయాల్సిన ప్రశ్నలు. నోటితో కాదు, వాట్సాప్‌లో రాసి అడగండి: ప్రతి హోటలు పేరు, యజమాని ఎవరు, అక్కడి స్థానిక ఏజెన్సీ ఏది, లోపలి విమానం ఏ సంస్థది, గైడుకు రోజుకు ఎంత ఇస్తున్నారు, రద్దు చేస్తే ఎంత కోత. ‘అన్నీ మేం చూసుకుంటామండి’ అన్నది జవాబు కాదు. మాకు వచ్చిన జవాబుల్లో హోటళ్ళ పేర్ల దగ్గర ‘లేదా దానికి సమానమైనది’ అని ఉంది. అంటే చివరి వారం దాకా ఏ హోటలో వాళ్ళకే తెలియదు, మన గళ్ళు నిండవు. ప్యాకేజీ ధర మొత్తంగా ఒకే అంకె చెబుతారు కాబట్టి అందులో అక్కడి మనిషి చేతికి చేరేదెంతో విడదీయలేం. 2011లో సూచీ పార్టీ ప్యాకేజీలు వద్దనడానికి కారణం ఈ లెక్క వేస్తే తప్ప పూర్తిగా అర్థం కాదు. బిల్లులో విడిగా కనిపించే టీసీఎస్ (ఏజెంటు మన దగ్గర ముందే వసూలు చేసే పన్ను) మాత్రం మన ప్రభుత్వానికి కట్టేది, రిటర్నులో సర్దుబాటవుతుంది. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. బీమా పాలసీలో యుద్ధం, అంతర్గత కల్లోలం మినహాయింపు ఉందేమో చదవండి, దాదాపు అన్నింట్లో ఉంటుంది. రఖైన్ రాష్ట్రానికి వెళ్ళొద్దని మన విదేశాంగ శాఖ 2024 ఫిబ్రవరిలోనే చెప్పింది.

నాలుగోది, మన రాక వల్ల ఎవరి మీద ఏం పడుతుందన్నది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు దాని కిందికి వస్తారు. మన సామాను మోసే కుర్రాడు, పడవ నడిపే కుర్రాడు ఆ వయసువాళ్ళే. రాత్రి పొద్దుపోయాక తిప్పమంటే చెక్‌పోస్టు దగ్గర దిగాల్సింది వాళ్ళు. ఫేస్‌బుక్‌ను 2021 నుంచి ఆపేశారు, అనుమతి లేని వీపీఎన్‌కు శిక్ష ఉంది, తనిఖీల్లో ఫోన్లు తెరిచి చూస్తారు. మనం వాళ్ళకు పంపిన ఒక ఫార్వర్డ్ వాళ్ళ ఫోన్లో ఉండిపోతుంది. 2025 మార్చి 28 భూకంపం తర్వాత మాండలే, సగాయింగ్ వైపు కూలిన ఇళ్ళ మధ్య ఫొటోలు దిగడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు మెట్లూ దాటాక మా నిర్ణయం: సరదా టూరుగా ఇప్పుడు వద్దు. ప్రభుత్వం చెడ్డదని చూడనే చూడకూడదంటే చాలా దేశాలు మూసుకోవాలి, మనల్నీ చూడటానికి రానివాళ్ళుంటారు. మమ్మల్ని ఆపింది రెండే: డాలరు ఎటు పోతుందో ఆపలేకపోవడం, మనతో మాట్లాడిన మనిషికి మన వల్ల చెరుపు జరిగే అవకాశం.

‘మరి దుబాయ్, కువైట్ సంగతేమిటి, అక్కడ మాత్రం నోరెత్తగలమా?’ అన్న ప్రశ్న కోనసీమలో తప్పకుండా వస్తుంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళు గల్ఫ్ డబ్బుతో లేచాయి. పొట్టకూటికి వెళ్ళినవాడిని ఈ తూకంలో పెట్టడం అన్యాయం. ఈ లెక్క వినోదానికి వెళ్ళేవాళ్ళకే. వియత్నాం మీద కూడా ఇవే గళ్ళు వేసి చూశాం. అదీ ఏకపార్టీ రాజ్యమే, అక్కడి శిక్షాస్మృతి 117వ సెక్షన్ కింద రాతగాళ్ళను జైల్లో పెడతారు. కానీ అక్కడ 25 డాలర్ల ఈ-వీసా తర్వాత గది, తిండి, పడవ విడివిడిగా చిన్న యజమానుల దగ్గరే తీసుకోవచ్చు, మారకం ధరలో అంత అంతరం లేదు, యాత్రికుడితో మాట్లాడినందుకు దుకాణదారు భయపడే పరిస్థితి కనిపించదు. రాజకీయాల మాట ఎత్తకూడదన్న నియమం మాత్రం అక్కడా పాటించాలి. అందుకే దానికి సరే అన్నాం.

రంగూన్‌లో ఇంకా బంధువులున్నవాళ్ళ సంగతి వేరు. పెద్దల జాడ వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళను ఆపే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. చుట్టాలింట్లో రాత్రి పడుకోవద్దు. ఇంటికొచ్చిన అతిథి వివరాలు వార్డు అధికారికి చెప్పి తీరాలన్న నిబంధన 2021 ఫిబ్రవరిలో మళ్ళీ తెచ్చారు, చెప్పకపోతే శిక్ష వాళ్ళకే. లైసెన్సున్న హోటల్లో ఉండి పగలు వెళ్ళి రండి. డ్రోన్ తీసుకెళ్ళొద్దు, పార్లమెంటు దగ్గర ఎగరేసిన ఫ్రెంచి యాత్రికుణ్ణి 2019లో అరెస్టు చేశారు. సైనికులు, చెక్‌పోస్టులు, వంతెనలు ఫొటో తీయొద్దు. గైడుకు, డ్రైవరుకు ఇచ్చేది చేతికే ఇవ్వండి, ఏజెన్సీ ద్వారా వద్దు. పాత ఫొటోలు, పెళ్ళి శుభలేఖలు, ఊరి పేర్లు కాగితం మీద పట్టుకెళ్ళండి, ఫోన్లో కన్నా కాగితమే మేలు. తిరిగొచ్చాక అక్కడివాళ్ళ ముఖాలు, ఇంటి గుమ్మం, వీధి బోర్డు కనిపించే ఫొటోలు ఎక్కడా పెట్టొద్దు, కుటుంబం గ్రూపులో కూడా. వాళ్ళకు డబ్బు పంపాలంటే ముందు వాళ్ళనే అడగండి, ఏ దారిలో తీసుకుంటే వాళ్ళకు చిక్కు రాదో వాళ్ళకే తెలుస్తుంది.