తలకోనలో మాటలు ఆపిన గంట

నేరబైలు నుంచి తలకోనకు జీపులో మనిషికి 150 రూపాయలు అడిగేసరికి ఒళ్లు మండింది. తిరుపతి నుంచి అక్కడిదాకా బస్సుకు కూడా అంత పెట్టలేదు. కార్తీక మాసం, ఆదివారం, వేరే దారి లేదు. పన్నెండు మందిమి ఎక్కాం. ఆ చిరాకు సిద్ధేశ్వరస్వామి గుడి దాకా నాతోనే వచ్చింది.

అక్కడ మమ్మల్ని నడిపించే యోగా టీచర్ చెప్పింది రెండే ముక్కలు. జలపాతం చేరేదాకా ఎవరూ మాట్లాడవద్దు, ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. అడుగు నేలను తాకడాన్నీ, ఊపిరినీ గమనిస్తూ ఉండాలి. మనసు పక్కకు పోతే దాన్ని కోప్పడకుండా మళ్లీ అడుగు దగ్గరికి తెచ్చుకోవాలి. వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ న్యాట్ హాన్ దేశదేశాల్లో నేర్పిన నడక ధ్యానం ఇదేనట. వరుసలో ఎవరూ ఎవరినీ దాటకూడదు.

నా ముందు ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, డెబ్బై ఏళ్లు ఉంటాయి. ప్రతి రాయి దగ్గరా ఆగి, కర్ర ఆనించి, కుడికాలు పెట్టి, ఎడమకాలు దాని పక్కకు తెచ్చుకుని, అప్పుడు ఇంకో రాయి చూసుకునేవారు. పది నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత ఆయన్ని దాటి వెళ్లిపోవాలని కాళ్లు లాగాయి. జీపు డబ్బులు గుర్తొచ్చాయి, సోమవారం ఆఫీసు పని గుర్తొచ్చింది. కింద ఎవరో స్పీకరులో పాటలు పెట్టారు. శేషాచలం లాంటి అడవికి వచ్చి కూడా ఆ రొద ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దారి మలుపు తిరిగాక పాటలు వినపడలేదు. కర్ర చప్పుడు, రెండు అడుగులు, మళ్లీ కర్ర. నా ఊపిరి ఎప్పుడు ఆ వరుసలో పడిందో తెలియదు. మడమ ఆనడం, వేళ్లు రాతిని పట్టుకోవడం తెలుస్తోంది. గిల్లతీగ కొండచిలువంత లావున చెట్ల మీదుగా పాకి ఉంది, దాని కాయలు మీటరు పొడవున వేలాడుతున్నాయి. ఏటవాలుగా ఉన్న ఒకచోట అందరూ ఒకే వేరును పట్టుకుని ఎక్కుతున్నారు. నా వంతు వచ్చేసరికి ఆ వేరు వెచ్చగా ఉంది. ఎన్నేళ్లుగా ఎన్ని చేతులు పట్టుకున్నాయో, బెరడు పోయి నున్నగా మెరుస్తోంది.

అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. అలిపిరి నుంచి 3,550 మెట్లకూ పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాకు పదేళ్లు. పై మెట్ల మీద కూర్చుని ‘త్వరగా రా అవ్వా’ అని విసిగించాను. ఆమె తల ఎత్తలేదు. వేలు పసుపులో ముంచడం, వంగడం, రాయడం. ఆ రోజు ఆమె పక్కన ఒక్క మెట్టుకైనా వంగలేదే అని, ఇన్నేళ్ల తర్వాత ఆ అడవిలో నడుస్తూ ఏడుపు వచ్చింది.

270 అడుగుల జలపాతం కింద నిలబడ్డాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మాస్టారే నా వైపు తిరిగారు. “వెనకాల మీ అడుగులు వినిపిస్తూ ఉన్నాయి. అందుకే భయం లేకుండా ఎక్కాను” అన్నారు. ఆయన బూటు లేసు ఊడి నీళ్లలో తడుస్తోంది. కింద కూర్చుని ముడి వేశాను.