తొట్టిలో తంగేడు ఎందుకు చస్తుంది

విజయనగరం మెట్ట గట్ల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే విరగబూసే తంగేడు, ఇంటి తొట్టిలోకి రాగానే ఎండిపోతుంది. తప్పంతా పీకడంలోనే ఉంది. దీనిది లోతుకు దిగే తల్లివేరు. గట్టు మీంచి లాగిన మొక్కకి అది తెగిపోతుంది, ఆపైన ఎంత నీడలో పెట్టినా లాభం లేదు. గింజ వేయండి.

కాయ ఎండి గోధుమరంగుకు తిరిగాక కోయాలి. గింజ పెంకు గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. మరిగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి ఉబ్బినవే నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టాలి. లోతు 1 సెంటీమీటరు చాలు. తొలకరి పడ్డాక నేరుగా నేలలో వేస్తే మరీ మంచిది.

బంకమట్టి అయితే అడుగెత్తు కట్ట పోసి, ఎర్రమట్టి 2 పాళ్లు, ఇసుక 1 పాలు కలపండి. శ్రీకాకుళం తీరంలో అక్టోబరు తుపాను వానలకి మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కింది ఆకులు పసుపెక్కడం దాని గుర్తు. అది చూసి ఎరువు తక్కువైందనుకుని యూరియా వేస్తారు, అస్సలు వద్దు.

ఆకు తినే పచ్చ పురుగులకి మందు కొట్టకండి, అవి సీతాకోకచిలుకల పిల్లలు. ఆకు మళ్లీ చిగురిస్తుంది. ఈ పువ్వులో తేనె ఉండదు. పెద్ద నల్ల తుమ్మెదలు పువ్వుని పట్టుకుని ఒళ్లు అదిరించి పుప్పొడి దులుపుకుంటాయి. ఆ ఝుంకారం కోసమైనా పెరట్లో ఒక్క తంగేడు ఉండాలని నాకనిపిస్తుంది.

పూత తగ్గాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి.