కెఫిర్ తాగితే మూడ్ బాగుపడుతుందా?

ఈ మధ్య ఏ కెఫిర్ (పాలని పులియబెట్టి చేసే, పల్చటి పెరుగులాంటి డ్రింక్) బాటిల్ తిప్పి చూసినా గట్ (అంటే పేగులు) బాగుంటే మూడ్ బాగుంటుంది టైపు లైన్ ఒకటి కనిపిస్తోంది. కెఫిర్ నేనూ తాగుతాను, ఆ పులుపు, ఆ కాస్త గ్యాస్ నాకిష్టం, కానీ ఈ లైన్‌లో నిజమెంత అని చదువుతూ పోతే అసలు కథ బాటిల్ మీద ఉన్నదానికంటే చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంది.

అందరూ ముందు ఎత్తుకునేది సెరటోనిన్, మూడ్‌తో ముడిపెట్టి చెప్పే రసాయనం. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, ఇది కరెక్టే. అయితే అది మెదడులోకి పోదు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ దాన్ని దాటనివ్వదు, మెదడు తనక్కావాల్సింది తనే చేసుకుంటుంది, పేగుల్లోది ఎక్కువగా పేగు కదలికల పని చూస్తుంది. కాబట్టి హ్యాపీనెస్ కడుపులో తయారవుతుంది అనే మాట అక్కడితో ఆగిపోతుంది.

మరి లింకు లేదా అంటే ఉంది, వేగస్ నరం. మెదడు అడుగు నుంచి పొట్ట దాకా దిగే ఈ నరంలో సుమారు 80 శాతం ఫైబర్లు కింది నుంచి పైకే కబుర్లు మోస్తాయి, అంటే మెదడు ఆర్డర్లు వేసేది తక్కువ, వినేది ఎక్కువ (ఆఫీసుల్లో రివర్స్ లెండి). 2011లో ఐర్లండ్‌లో జాన్ క్రయన్ అనే సైంటిస్ట్ వాళ్ల టీమ్, కెనడా వాళ్లతో కలిసి, ఎలుకలకి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే రకం బ్యాక్టీరియా పెట్టి చూస్తే వాటిలో ఆందోళన తగ్గింది, వేగస్ నరం కోసేసిన ఎలుకల్లో మాత్రం ఏ తేడా లేదు. అంటే కబురు వెళ్లిన దారి దొరికినట్టే కదా, నాకైతే ఈ టాపిక్ మొత్తంలో బాగా నచ్చిన ప్రయోగం ఇదే.

2017లో అదే జేబీ-1ని ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఇచ్చి చూశారు. స్ట్రెస్ విషయంలో ప్లాసిబో (బ్యాక్టీరియా లేని ఉత్తుత్తి డోసు) కంటే ఏమీ మెరుగు కనిపించలేదు. ఈ రెండో సగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు!

మనుషుల్లో కాస్త గట్టిగా కనిపించింది 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టడీ. పది వారాలు కెఫిర్, కొంబుచా (పులియబెట్టిన టీ), పెరుగు లాంటి పులిసినవి బాగా పెంచి తిన్నవాళ్లలో పేగు బ్యాక్టీరియా వెరైటీ పెరిగింది, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కి (ఒంట్లో లోలోపలి వాపుకి) సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. కానీ వాళ్లు తీసుకున్నది రోజుకి ఇంచుమించు ఆరు సర్వింగులు, మనం తాగే ఒక్క చిన్న బాటిల్ కాదు, పైగా ఇది ఇన్‌ఫ్లమేషన్ సంగతి, డిప్రెషన్ తగ్గిందని ఎవరూ అనలేదు. మందులు వాడుతున్నవాళ్లు కెఫిర్‌ని నమ్ముకుని వాటిని ఆపేయకండి ప్లీజ్.

కొనేటప్పుడు నేను చూసేది రెండే, పులియబెట్టాక మళ్లీ వేడిచేశారా (చేస్తే బతికున్న బ్యాక్టీరియా ఉండదు), చక్కెర ఎంత. కొంబుచాలో అయితే కొంచెం ఆల్కహాల్ కూడా తయారవుతుంది, ఇమ్యూనిటీ బాగా తగ్గి ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకపోవడం మంచిది. ఇంట్లో చేసుకునేవాళ్లకి, పైన బూజు కనబడితే ఆ ముక్క తీసేసి మిగతాది వాడదాం అనుకోవద్దు, జాడీలో ఉన్నదంతా పారబోయాల్సిందే.