హిందీ అయ్యవారి నాలుగు గళ్ళు

మన బడి సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం నుంచి కబురు మీద కబురు. వేపచెట్టు, ఇనుప గంట, ఇంటర్వెల్లు బఠాణీలు మాత్రం వద్దట, అందరూ అవే రాసి పంపారట. ఆరు, ఏడు తరగతుల గురించి నా దగ్గర ఏమీ మిగల్లేదు. లెక్కల అయ్యవారి సైకిలు సంగతి కిటికీ బెంచీ వాళ్ళే రాయాలి, ఆ హక్కు వాళ్ళది. నాకు మిగిలింది హిందీ అయ్యవారి నాలుగు గళ్ళు, అంటే రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించి అర్థం మారిపోయే మాటలకు ఆయన వేయించిన పట్టిక.

సంస్కృతం మాటకు చివరి 'అం' తీసేస్తే హిందీ అయిపోతుందని మన సూత్రం కదా. దాన్ని విరిచెయ్యడానికే ఆయన బోర్డు మీద ఒక వాక్యం రాసి హిందీలో చెప్పమన్నారు: "రైతు వ్యవసాయంలో కృషి చేసి, పరిశ్రమ పెట్టి, పదిమందికి ఉద్యోగాలు ఇచ్చాడు." మన లీడరమ్మ ఠపీమని లేచింది. "కిసాన్ నే వ్యవసాయ్ మేఁ కృషి కర్‌కే, పరిశ్రమ్ లగాకర్, దస్ లోగోఁ కో ఉద్యోగ్ దియే." అయ్యవారు నవ్వకుండా దాన్ని మళ్ళీ తెలుగులోకి దించారు: రైతు వ్యాపారంలో సాగు చేసి, కష్టాన్ని నెలకొల్పి, పదిమందికి తలా ఒక ఫ్యాక్టరీ పంచాడు. "ఇంత దాత మన కుప్పంలో ఎవరమ్మా?"

సరైనది ఇది: "కిసాన్ నే కృషి మేఁ పరిశ్రమ్ కర్‌కే ఉద్యోగ్ లగాయా ఔర్ దస్ లోగోఁ కో నౌకరీ దీ." రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కుర్చీలాటలో ఈల వేసినట్టు ప్రతి మాటా ఒక కుర్చీ జరిగింది. మన వ్యవసాయం చోట వాళ్ళ కృషి, మన కృషి చోట వాళ్ళ పరిశ్రమ్, మన పరిశ్రమ చోట ఉద్యోగ్, మన ఉద్యోగం చోట నౌకరీ. కుర్చీ దొరకని వ్యవసాయ్ పోయి వ్యాపారంలో దిగింది.

ఎందుకిలా? పుట్టింట్లో, అంటే సంస్కృతంలో, వీటి అర్థాలు చాలా వదులు. 'కృష్' ధాతువుకు లాగడం, దున్నడం అని అర్థం. హిందీ ఆ దుక్కిని అట్టిపెట్టుకుంది, మనం అందులోని కష్టాన్ని మాత్రమే తీసుకున్నాం. ఉద్యోగం అంటే పూనిక. భారతంలో అయిదోది ఉద్యోగ పర్వం, అందులో జీతాల ప్రసక్తే లేదు, ఉన్నవి సంధి ప్రయత్నాలూ యుద్ధ సన్నాహాలూ. వ్యవసాయం అంటే గట్టి నిశ్చయం. గీత రెండో అధ్యాయం 41వ శ్లోకంలోని 'వ్యవసాయాత్మికా బుద్ధిః'కి నాగలితో పనిలేదు. పరిశ్రమ అంటే శ్రమ, అలసట. అన్నీ పాటుపడటం చుట్టూ తిరిగే మాటలే కాబట్టి ఏ భాష అవసరాన్ని బట్టి ఆ భాష కత్తిరించుకుంది. మలయాళం మరో రకంగా కత్తిరించింది. అక్కడ కృషి సాగు, ఉద్యోగం మనలాగే కొలువు, పరిశ్రమం ప్రయత్నం, వ్యవసాయం ఏమో పరిశ్రమ! 'వ్యవసాయ వకుప్పు' అని బోర్డు చూసి విత్తనాల సబ్సిడీ అడగబోతే అది పరిశ్రమల శాఖ.

ఇక గళ్ళు. హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక, మధ్యమ పరీక్షలకు కూర్చున్న వాళ్ళందరి నోటుబుక్కుల్లోనూ అవి ఉండేవి. ఇలాంటి జంటకు ఒక్క వరుస చాలదు, నాలుగు గళ్ళూ నిండాలి. తెలుగులో శిక్ష అంటే ఏమిటి, దాన్ని హిందీలో ఏమనాలి, హిందీలో శిక్షా అంటే ఏమిటి, దాన్ని తెలుగులో ఏమనాలి. జవాబులు: దండన, సజా లేదా దండ్, చదువు, విద్య. మనలో చాలామంది శిక్షా అంటే చదువని నేర్చుకుని అక్కడే ఆగిపోయేవాళ్ళం. చదివేటప్పుడు ఇబ్బంది ఉండదు, మాట్లాడేటప్పుడు నోరు పెగలదు, ఎందుకంటే రెండో గడి ఖాళీ. పైగా గడిలో ఒంటి మాట రాస్తే సున్నా. వాక్యం రాయాలి, హిందీ మాటకు లింగం పక్కనే గుర్తు పెట్టాలి. ఆలోచనా అంటే అక్కడ విమర్శ, స్త్రీలింగం. అనుమాన్ అంటే అంచనా, పుంలింగం. మరాఠీలో మాత్రం శిక్షా మనలాగే దండనే, చదువుకు శిక్షణ్ అంటారు. దూరం పెరిగితే అర్థం మారుతుందన్న లెక్క కూడా పనికిరాదన్నమాట. 2018లో మొదలైన కేంద్ర పథకం పేరు 'సమగ్ర శిక్షా' అని బడి గోడల మీద చూసినప్పుడల్లా మన వెనక బెంచీ గుర్తొస్తుంది.

మన క్లాసులో సగం మందిది ఇంట్లో అరవం, కొందరిది కన్నడం కాబట్టి అయ్యవారు రెండో పట్టిక కూడా వేయించారు. అది ఇంకో జాతి. కాదు: తెలుగులో అవునుకు వ్యతిరేకం, అరవంలో చెవి. మాడు: మనకు నడినెత్తి, లేదా అడుగంటడం, అరవంలో పశువు, కన్నడంలో చెయ్యి అనే ఆజ్ఞ. సాకు: మనకు నెపం, కన్నడంలో చాలు. పిల్లల్ని సాకడం మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. మొదటి పట్టికలోవి ఒకే తల్లి బిడ్డలు, ఇవి పేరు కలిసిన పరాయివాళ్ళు. విడదీయడానికి ఆయన చెప్పిన పద్ధతి, మాటను నడిపించి చూడటం. తెలుగు మాడు 'మాడింది' అవుతుంది, కన్నడం మాడు 'మాడిదను' అవుతుంది, అరవం మాడు బహువచనంలో 'మాడుగళ్' అవుతుంది. నాలుగడుగులు వేస్తే ఎవరిది ఏ ఊరో బయటపడుతుంది. అవసరం ఈ పరీక్షకు లొంగదు, ఎందుకంటే అది మొదటి జాతి. మనకు కావలసినది, అరవంలోనూ కన్నడంలోనూ తొందర, హిందీలోనూ మలయాళంలోనూ అవకాశం. అవకాశ్ ఏమో హిందీలో సెలవు, మలయాళం అవకాశం హక్కు. వేలూరు ఆసుపత్రిలో 'అవసర సికిచ్చై' అని ఉంటే తీరిగ్గా చేయించుకునే వైద్యం అనుకోకండి, అది అత్యవసర విభాగం.

ఈ గళ్ళే నాకు కూడు పెడుతున్నాయి. బ్యాంకు వాళ్ళ త్రిభాషా ఫారాలు నా బల్ల దాటాకే అచ్చుకు వెళ్తాయి. 1976 రాజభాషా నియమాల్లో మనది 'గ' ప్రాంతం, అంటే హిందీ వాడుక తక్కువున్న రాష్ట్రాల వరుస, కాబట్టి ఫారంలో ముందు తెలుగు, తర్వాత హిందీ, ఆపైన ఇంగ్లీషు. తప్పులు ఎక్కడ దొర్లుతాయో ఇప్పుడు చూడకుండానే చెప్పగలను. ఖాతాదారు వృత్తి అడిగే గడిలో హిందీ 'వ్యవసాయ్' అని ఉంటుంది. దాన్నే తెలుగు గడిలోకి లాగితే డాక్టర్లూ ప్లీడర్లూ అందరూ రైతులే. సెలవు నోటీసులో 'సార్వజనిక్ అవకాశ్'ని సార్వజనిక అవకాశం చేస్తే జనం ఏదో పథకం అనుకుని వరుస కడతారు. అన్నిటికన్నా ప్రమాదం రాజీనామా. మనకు కొలువు వదలడం, హిందీ కోర్టు కచేరీల్లో ఇరుపక్షాలూ రాజీపడి రాసుకున్న కాగితం. వదిలేవాళ్ళు అక్కడ ఇవ్వాల్సింది ఇస్తీఫా, లేదంటే త్యాగపత్ర్. గుమ్మంలో హిందీ అతిథిని మన 'రండి'తో పిలవకూడదని, అక్కడ అది బూతుమాటని మీకు నేను చెప్పక్కర్లేదు.

సంఘం పంపిన ఆహ్వానపత్రం హిందీ పాఠం చూశాను. 'ముఖ్య అతిథి కా ఉపన్యాస్' తీసేయండి, అది నవల, ఆయన రాత్రంతా చదవాల్సి వస్తుంది. 'భాషణ్' అని వేయండి. 'సంఘ్ కే సభ్య్' అంటే సంఘంలోని సంస్కారవంతులు అని, మిగతావాళ్ళు నొచ్చుకుంటారు, 'సదస్య్' సరైనది. 'అభిమానియోఁ కో నిమంత్రణ్' అంటే పొగరుబోతులకు పిలుపు, అక్కడ 'శుభచింతకోఁ' కావాలి. కల్యాణ్ అంటే హిందీలో మేలు, పెళ్ళి కాదు, అయినా కల్యాణ మండపం పేరు కాబట్టి దాన్ని ముట్టుకోకండి. ప్రూఫు శనివారంలోగా పంపితే మరోసారి చూసి ఇస్తాను.